ఒక భాష, రెండు వర్ణక్రమములు

మీ యింగ్లీషు వ్యాసములను దిద్దునపుడు 'కలర్' అను మాటలో 'యు' అక్షరము లేనిచో, నేను పెక్కేండ్లు ఎఱ్ఱసిరాతో కొట్టివేయుచు వచ్చితిని. అది తప్పు కాదు, అమెరికావారి యాచారము.

1755లో లండనున జాన్సను పండితుడు ప్రకటించిన నిఘంటువులో 'యు' గల రూపమున్నది. 1828లో అమెరికాయందు నోవా వెబ్‌స్టరు తన నిఘంటువులో 'యు' లేని రూపమును నిలిపెను. ఇరుదేశములవారును ఒకరి వ్రాతను జూచి యొకరు పరిహసించుచునే, ఒకరి గ్రంథముల నొకరు ప్రీతితో చదువుకొనుచున్నారు.

1998లో సైబర్ టవర్స్ తెఱవబడిన మన హైటెక్ సిటీలో నేడు ఇరుదేశముల సంస్థలకును మనవారు పని చేయుచున్నారు. అచ్చటనున్న నా పూర్వవిద్యార్థి యొకడు, "అయ్యా, తమరు నేర్పినట్లే 'యు' చేర్చి వ్రాసితిని, వెబ్ పుటకు రంగు రాలేదు" అని నవ్వుచు జెప్పెను. వెబ్‌ను 1989లో ప్రతిపాదించినవాడు ఆంగ్లేయుడగు టిమ్ బర్నర్స్ లీ. అయినను పుటకు రంగునిచ్చు నాజ్ఞను అమెరికా వర్ణక్రమముననే వ్రాయవలెను.

తేదీల విషయమున మఱింత జాగ్రత్త వలయును. 4-7 అనిన ఆంగ్లేయునకు జూలై 4. అమెరికావానికి ఏప్రిల్ 7. ఇందువలన గడువులు తప్పును. కావున నెల పేరును అక్షరములలో వ్రాయుడు.

మనలో నొకరికి సొరకాయ యైనది మఱియొకరికి ఆనపకాయ. కూర యొక్కటియే గదా! రెండు పద్ధతులను నేర్చుకొనుడు. ఒక వ్యాసమున నొకదానినే పాటింపుడు. ఇకమీదట నేనును ఆ 'యు' లేదని మార్కు తగ్గింపను.