ఫీడరు మొరాయించినప్పుడు
(సంఘ కార్యాలయములలో పనిచేయువారికి ఒక పాఠము)

నేడు మన చేనేత సహకార సంఘములలో పెక్కింట ఒకే యంత్రము మూడు పనులు చేయుచున్నది. అచ్చు వేయును, నకలు తీయును, కాగితమును చూచి దాని ప్రతిబింబమును కంప్యూటరులోనికి ఎక్కించును. ఋణపు దరఖాస్తులు, నూలు బిల్లులు, గుర్తింపు కార్డులు, మహాసభ తీర్మానములు అన్నియు దాని మీదుగానే పోవుచున్నవి. దాని తలపై కాగితముల బొత్తి పెట్టినచో ఒక్కొక్కటిగా లోనికి లాగుకొను భాగమును ఫీడరు అందురు. తరచుగా పేచీ పెట్టునది ఈ భాగమే. మరమ్మతు చేయువాడు పిలిచిన వెంటనే రాడు. దరఖాస్తు గడువు మన కొరకు ఆగదు. కావున ఏ లోపము మన చేతిలోనిదో, ఏది కాదో తెలిసికొనుట అవసరము.

పనిచేయు తీరు

ట్రేలో కాగితము పెట్టగానే దాని అంచు ఒక చిన్న మీటను నొక్కును. కాగితము వచ్చినదని యంత్రమునకు తెలియుట దానివలననే. తరువాత రబ్బరు రోలరు తిరిగి సాధారణముగా పై కాగితమును లోనికి లాగును. దాని కెదురుగా ఒక రబ్బరు ప్యాడు గాని, మరియొక రోలరు గాని ఉండి, క్రింది కాగితము వెంటపడి రాకుండ ఆపును. రోలరునకు కాగితము మీద పట్టు అన్నిటికన్న ఎక్కువ; ప్యాడు పట్టు దానికన్న తక్కువ; కాగితమునకును కాగితమునకును నడుమ పట్టు ఇంకను తక్కువ. ఈ మూడు పట్టుల తేడా మీదనే పని అంతయు నడచుచున్నది. రబ్బరు నునుపైనను, దుమ్ము పట్టినను, కాగితము చెమ్మగిలినను ఈ తేడా చెడును.

ఇంకొక సంగతి. పెద్ద గాజు పలకపై పెట్టినప్పుడు కాగితము కదలదు, చూచు కన్ను కదలును. ఫీడరులో పెట్టినప్పుడు కన్ను ఒక సన్నని గాజు పట్టీ క్రింద నిలిచియుండును, కాగితము దానిమీదుగా సాగిపోవును. ఈ తేడా ముందు ముందు పనికివచ్చును.

మొదట తప్పును విడదీయవలెను

పోగు తెగుచున్నప్పుడు నూలు లోపమా, అచ్చు లోపమా అని మొదట చూతుము గదా. ఇక్కడను అంతే. ఒక కాగితమును పెద్ద గాజుపై పెట్టి నకలు తీయుడు. నకలు బాగుగా వచ్చినచో అచ్చు వేయు భాగమునకును, కన్నునకును దోషము లేదు, లోపము ఫీడరుదే. పిమ్మట క్రొత్త కట్టలోని తెల్లకాగితమును ఒక్కటి ఫీడరులో పెట్టి చూడుడు. అది పోయినచో పది పెట్టి చూడుడు. క్రొత్త కాగితములు సరిగా పోయి, మన పత్రములు మాత్రమే ఆగుచున్నచో దోషము పత్రములది. క్రొత్తవియు పోనిచో దోషము రోలరుది గాని, ప్యాడుది గాని అనుకొనవచ్చును.

కాగితము లాగనప్పుడు

కాగితమును మీట నొక్కుకొనునంతవరకు లోనికి జరిపితిరా? పెక్కు యంత్రములలో అట్లు జరుపగానే చిన్న శబ్దము గాని, తెరపై గుర్తు గాని వచ్చును. పై మూత గట్టిగా పడినదా? కంప్యూటరు నుండి స్కాను చేయునప్పుడు "గాజు" అను ఎంపిక ఉన్నచో ట్రేలో ఎన్ని కాగితములున్నను ఫీడరు కదలదు. ఇవన్నియు సరిగానున్నను లాగనిచో రోలరును తుడువవలెను.

మన కార్యాలయములలో ఈ అవసరము ఇతరులకన్న ఎక్కువ. ఒక ప్రక్క నూలు చిలపలు, ఒక ప్రక్క గంజి పెట్టిన పడుగులు. గాలిలో పీచు, గంజి పొడి తేలుచునే ఉండును. అవి రబ్బరుపై పేరుకొనును. స్విచ్చి ఆపి, వైరు ఊడదీసి, మూత తెరచి, నీటిలో ముంచి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో రోలరును చుట్టును తిప్పుచు తుడువవలెను. ప్యాడును కూడ అట్లే. మగ్గము నుండి అప్పుడే దిగిన గుడ్డ పనికిరాదు. దానిలో గంజియు పీచును రెండును ఉండును. పలుమార్లు ఉతికి పీచు రాలని గుడ్డ మేలు. బాగుగా ఆరిన పిదపనే మూత వేయవలెను. కిరసనాయిలు, థిన్నరు తగులరాదు. నూనె అసలే వలదు. మగ్గమునకు నూనె ప్రాణమే గాని, ఇక్కడ పట్టు లేకుండ చేయునది అదే.

రెండేసి లాగినప్పుడు

ఇది అన్నిటికన్న ప్రమాదకరము. కాగితము ఇరుక్కొన్నచో యంత్రము అరచి చెప్పును. రెండు కలిసి పోయినచో ఏమియు చెప్పదు. పెద్ద స్కానింగు యంత్రములు కొన్నింటిలో దీనిని కనిపెట్టు సాధనము కలదు. చిన్న కార్యాలయముల యంత్రములలో సాధారణముగా ఉండదు.

ఒక సభ్యురాలి దరఖాస్తు ఆరు పుటలనుకొందము. నాలుగవది, ఐదవది కలిసి పోయినవి. ఐదవది ఆమె బ్యాంకు పుస్తకము నకలు. కంప్యూటరులో ఐదు పుటలే ఎక్కినవి; మనము చూడక పంపితిమి. అవతల దరఖాస్తు అసంపూర్ణమని ప్రక్కన పెట్టుదురు. ఆ మాట మనకు చేరునప్పటికి గడువు దాటిపోవచ్చును. మగ్గము మీద కూర్చున్న ఆమెకు రోలరు సంగతి తెలియదు. తనకు డబ్బు రాలేదని మాత్రమే తెలియును.

కావున ఫీడరులో పెట్టుటకు ముందు ప్రతి పుట మూలను పెన్సిలుతో 1, 2, 3 అని అంకె వేసి, పంపుటకు ముందు కంప్యూటరులోని పుటలను లెక్కించుడు. ఇరువైపుల వ్రాతయున్న కాగితమును రెండు పుటలుగా లెక్కపెట్టవలెను. ఈ అలవాటునకు అరనిమిషము పట్టును.

రెండేసి లాగుటకు కారణములు మూడు: కాగితములు చెమ్మతో గాని, జిగురుతో గాని అంటుకొనుట, ట్రేలో గీత దాటునంతగా నింపుట, ప్యాడు అరిగిపోవుట. బొత్తిని విసనకఱ్ఱ వలె విప్పి, గాలి సోకనిచ్చి, అంచులు సమముగా తట్టి పెట్టుడు. వానకాలములో కాగితపు కట్టను విప్పి ఉంచక సంచిలో చుట్టి ఉంచుడు. ఎన్ని కాగితములు పట్టునో ట్రేపై గీత గాని, బొమ్మ గాని చెప్పును. వ్రాత పైకి ఉండవలెనా, క్రిందికి ఉండవలెనా అనుటకును అక్కడనే బొమ్మ ఉండును. యంత్రమును బట్టి ఇది మారును.

ఇరుక్కొన్నప్పుడు

కోపముతో గుంజరాదు. మూత తెరచి, కాగితమును రెండు చేతులతో పట్టి, అది సాగు దిక్కునకే మెల్లగా లాగవలెను. చినిగినచో ముక్కలను జతపరచి ఒక్క మూలయైనను లోపల మిగిలినదేమో చూడవలెను. గోరంత ముక్క మీట క్రింద నిలిచినను, కాగితము లేకున్నను ఇరుక్కొన్నదనియే యంత్రము చెప్పుచుండును. ముక్క కనబడనిచో మీటను వ్రేలితో మెల్లగా కదల్చి, అది తిరిగి తన చోటికి వచ్చుచున్నదా అని చూచి, ఒక నిమిషమాగి యంత్రమును మరల నడుపుడు.

నిలువు గీత వచ్చినప్పుడు

ఫీడరు నుండి వచ్చిన ప్రతి నకలులోను పైనుండి క్రిందివరకు ఒకే చోట గీత కనబడుచు, గాజుపై తీసిన నకలులో కనబడకున్నచో, సన్నని గాజు పట్టీపై నలుసు ఉన్నదని గ్రహింపవలెను. పడుగులో ఒక పోగు లోపించినచో గుడ్డ పొడవునను గీత పడును గదా. ఇదియు అట్టిదే: కన్ను నిలిచియుండగా కాగితమంతయు ఆ నలుసు మీదుగా సాగుచున్నది. అదే నలుసు పెద్ద గాజుపై ఉన్నచో చుక్కగా మాత్రమే పడును. పట్టీ పెద్ద గాజు ప్రక్కనే ఉండును. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరనద్దుడు. తెల్లసిరా, జిగురు అంటుకొన్నచో తడిగుడ్డతో ఓపికగా రుద్దవలెనే గాని బ్లేడుతో గీకరాదు.

కాగితము వంకరగా పోయినచో ట్రేలోని రెండు ప్రక్క పలకలను అంచులకు తాకునట్లు జరుపుడు. బిగించినచో కాగితము వంగును. వదలినచో వంకర పోవును.

ఫీడరులో పెట్టరానివి

పిన్నులు, గుండుసూదులు తీయని కాగితములు, కార్బను కాగితములు, మడతల దగ్గర చిరిగినవి, టేపు అంటించినవి పెట్టరాదు. ముఖ్యముగా సభ్యుల అసలు పత్రములు: తాతల నాటి ఇంటి దస్తావేజు, పాత వాటా పత్రము, పాత రేషను కార్డు. పరరాష్ట్రములో తరతరములుగా ఉన్న మన కుటుంబములకు ఊరు, పేరు, వృత్తి చూపుటకు ఒక్కొక్కప్పుడు అట్టి కాగితమొక్కటే మిగిలియుండును. దానిని రోలరు నోటికి అందింపరాదు. పెద్ద గాజుపై పరచి, మూత మెల్లగా దింపి, స్కాను చేసి, ఆ ప్రతిని భద్రపరచుడు. తరువాత నకళ్ళు కావలసినప్పుడు ఆ ప్రతినుండియే తీయవచ్చును.

మనము ఆగవలసిన చోటు

తుడిచిన తరువాతను లాగకున్నను, రబ్బరు మెరయుచు గట్టిపడియున్నను, రోలరును ప్యాడును అరిగినవని తెలియవలెను. పెక్కు యంత్రములకు ఇవి విడిగా దొరకును. రెండింటిని కలిపి మార్పించుట మంచిది. లోపల పండ్లచక్రములు కటకటమన్నచో, మూత మూసియున్నను తెరచియున్నదని చెప్పుచున్నచో, స్క్రూలు విప్పక మరమ్మతుదారుని పిలువవలెను. గ్యారంటీ కాలములో మనము విప్పినచో ఆ హక్కు పోవు ప్రమాదము కలదు. పిలుచునప్పుడు యంత్రము నమూనా సంఖ్య, తెరపై వచ్చిన మాట, మనము చేసి చూచిన పరీక్షలు వ్రాసి చెప్పినచో అతడు తగిన భాగముతోనే రాగలడు.

వారమున కొకసారి గాజు పట్టీ, నెలకొకసారి రోలరు తుడుచుటయు, పని ముగియగానే యంత్రముపై గుడ్డ కప్పుటయు ఒకరి పేర వ్రాసి పెట్టుడు. పుటల లెక్క మాత్రము ప్రతి దరఖాస్తునకును చూడవలెను. అది యంత్రము పని కాదు, మన పని.