ఏ జుట్టుకు ఏ షాంపూ?



నిరుడు వేసవి సెలవులకు ముందు మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె చేతిలో ఒక సీసా పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, ఇది పట్నంలో బ్యూటీ పార్లర్‌లో అమ్మే షాంపూ అండీ. 900 రూపాయలు. అమ్మ కుట్టుకూలి డబ్బులతో కొనిపెట్టింది. పొద్దున తలంటుకుంటే సాయంత్రానికల్లా జుట్టు మళ్ళీ జిడ్డుగా అతుక్కుపోతోంది. ఇది నకిలీదేమో చూసి చెప్పండి" అంది.

అమ్మ వారం రోజుల కష్టం వృథా అయిపోయిందని ఆ పిల్ల దిగులు. నేను సీసా అటూ ఇటూ తిప్పి చూశాను. నకిలీదని అనుమానించడానికి ఏమీ కనబడలేదు. మరి తప్పు ఎక్కడ జరిగింది? అది తెలియాలంటే ముందు వెంట్రుక అంటే ఏమిటో, షాంపూ చేసే పని ఏమిటో తెలుసుకోవాలి. ఆ అమ్మాయికి చెప్పిన పాఠమే ఈ నెల మీకూ చెబుతాను.

వెంట్రుక కథ

మన తల మీద సుమారు ఒక లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి నెలకు దాదాపు 1 సెంటీమీటరు పెరుగుతుంది. రోజుకు 50 నుంచి 100 వరకు రాలిపోవడం సహజమే. కనుక దువ్వెనలో నాలుగు వెంట్రుకలు కనిపించగానే కంగారు పడకండి.

వెంట్రుక పుట్టేది చర్మం లోపల, రోమకూపం అడుగున. అక్కడి కణాలు బ్రతికి ఉంటాయి. ఒకటి రెండవుతూ వృద్ధి చెందుతాయి. కొత్త కణాలు పాతవాటిని పైకి నెడతాయి. అలా పైకి వస్తూ వస్తూ అవి కెరాటిన్ అనే మాంసకృత్తుతో నిండి, గట్టిపడి, చనిపోతాయి. మన గోళ్ళు కూడా కెరాటిన్‌తో తయారైనవే. గోరు కత్తిరించినా, జుట్టు కత్తిరించినా నొప్పి పుట్టదు కదా! కారణం ఇదే. మనకు పైకి కనిపించే జుట్టు అంతా ప్రాణం లేని పదార్థం.

ఈ ఒక్క సంగతి బాగా గుర్తు పెట్టుకోండి. ప్రాణం లేనిదానికి ఆహారం పెట్టలేం. సీసాల మీద "జుట్టుకు పోషణ" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, వెంట్రుక పెరగడానికి కావలసిన ఆహారం దాని మొదలుకు రక్తం ద్వారానే అందుతుంది. ఆ పని పప్పు, గుడ్డు, ఆకుకూరలు చేస్తాయి. వెంట్రుక మీద పోసే షాంపూగానీ, రాసే కండిషనర్‌గానీ ముఖ్యంగా చేయగలిగినవి రెండే పనులు: మురికిని కడగడం, పూత పూయడం.

పెంకులు, తాళ్ళు

సూక్ష్మదర్శినిలో చూస్తే వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులా ఉంటుంది. సన్నని పొలుసులు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు, కొన వైపుకు వాలి ఉంటాయి. సూక్ష్మదర్శిని లేకపోయినా మీరు దీన్ని కనిపెట్టవచ్చు. రాలిన పొడవాటి వెంట్రుక ఒకటి తీసుకొని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలువుగా పట్టుకోండి. రెండు వేళ్ళనూ మెల్లగా పైకీ కిందికీ రుద్దండి. వెంట్రుక తనంతట తానే ఒక వైపుకు జరిగిపోతుంది. ఏ కొస ముందుగా జరుగుతుందో అదే మొదలు. పొలుసులు ఒక వైపు జారనిస్తాయి, మరొక వైపు అడ్డుపడతాయి. అందుకే ఈ వింత.

పొలుసులు చక్కగా పడుకొని ఉంటే జుట్టు మెరుస్తుంది, చిక్కు పడదు. లేచి ఉన్నా, విరిగిపోయినా గరుకుగా ఉంటుంది.

పొలుసుల లోపల కెరాటిన్ పోగులు తాడు పేనినట్టుగా ఉంటాయి. ఈ పోగులను పట్టి ఉంచే బంధాల్లో రెండు రకాలను చూద్దాం. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి. తడిస్తే విడిపోతాయి, ఆరితే మళ్ళీ కలుస్తాయి. తడి జుట్టును జడ వేసి ఆరనిస్తే అలలు తేలేదీ, మళ్ళీ తడిస్తే ఆ అలలు పోయేదీ అందువల్లే. గంధకపు బంధాలు మాత్రం గట్టివి, నీటికి లొంగవు.

జుట్టు సాఫుగా ఉండాలా, ఉంగరాలు తిరగాలా అన్నది చాలావరకు రోమకూపం ఆకారాన్ని బట్టి ఉంటుంది. అడ్డంగా కోసి చూస్తే సాఫు వెంట్రుక ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది. ఉంగరాల వెంట్రుక కొంచెం నొక్కినట్టు ఉంటుంది. రోమకూపం పక్కనే చిన్న తైల గ్రంథి ఉండి సెబం అనే జిడ్డును విడుదల చేస్తుంది. సాఫు వెంట్రుక మీద ఆ జిడ్డు సులువుగా కిందికి పాకుతుంది. మెలికలు తిరిగిన వెంట్రుక మీద అంత సులువుగా పాకలేదు. అందుకే సాఫు జుట్టు త్వరగా జిడ్డు పడుతుంది. ఉంగరాల జుట్టు చివరలు ఎండిపోయి చిట్లుతాయి. మన పాఠానికి కీలకం ఇక్కడే ఉంది.

కుంకుడు నుంచి షాంపూ దాకా

షాంపూ అన్న మాట ఇంగ్లీషుది అనుకుంటున్నారా? దాని మూలం మన దేశంలోదే. ఒత్తడం, మర్దన చేయడం అనే అర్థమున్న హిందీ మాట నుంచి పుట్టింది. 1759లో పాట్నాలో జన్మించిన దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో ఆవిరి స్నానాల శాల పెట్టి ఈ మర్దనకు ఎంతో పేరు తెచ్చాడు. తల కడగడం అన్న అర్థం ఆ మాటకు తరువాత వచ్చింది.

నూనె నీటిలో కలవదు. కనుక ఉత్త నీళ్ళతో జిడ్డు పోదు. షాంపూలో ఉండే అణువులకు తల ఒకటి, తోక ఒకటి ఉంటాయనుకోండి. తల నీటిని ఇష్టపడుతుంది. తోక నూనెను పట్టుకుంటుంది. అనేక అణువులు జిడ్డు బిందువు చుట్టూ చేరి తోకలు లోపలికీ, తలలు బయటికీ పెట్టి దాన్ని నీటిలోకి లాక్కుపోతాయి. సబ్బు చేసేదీ ఇదే పని. కుంకుడుకాయలోనూ, శీకాయలోనూ ఉండే సపోనిన్లు చేసేదీ ఇదే పని. కుంకుడు రసం కళ్ళలో పడితే అమ్మమ్మ నోట్లో ఉప్పు కల్లు వేసిన జ్ఞాపకం మీలో కొందరికైనా ఉండే ఉంటుంది!

మరి ఒంటి సబ్బుతోనే తల రుద్దుకుంటే పోదా? రెండు చిక్కులున్నాయి. మొదటిది కఠినజలం. చాలా ఊళ్ళలో బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెల్లని తెట్టుగా మారి జుట్టుకు అంటుకుంటుంది. షాంపూల్లో ఎక్కువగా వాడే సోడియం లారెత్ సల్ఫేట్ వంటివి అలాంటి తెట్టు కట్టవు. ఒక గ్లాసులో వాన నీరు, మరొక గ్లాసులో బోరునీరు తీసుకొని రెండింటిలోనూ కొంచెం సబ్బు కలిపి గిలకొట్టి చూడండి. తరువాత ఇలాగే షాంపూతో చేయండి. తేడా మీకే తెలుస్తుంది.

రెండవది క్షారగుణం. తలమీది చర్మం కొద్దిగా ఆమ్లగుణం కలది. దాని పీహెచ్ సుమారు 5.5. మామూలు సబ్బు పీహెచ్ 9 లేదా 10 ఉంటుంది. క్షారం తగిలితే వెంట్రుక ఉబ్బి, పొలుసులు లేస్తాయి. దీన్నీ మీరు పరీక్షించవచ్చు. తెల్ల కాగితానికి పసుపు నీళ్ళు పట్టించి ఆరబెట్టండి. సబ్బు నీటి చుక్క వేస్తే ఎర్రబారుతుంది. కుంకుడు రసం వేస్తే పసుపుగానే ఉంటుంది. మీ ఇంట్లోని షాంపూ ఏమంటుందో చూడండి.

ఖరీదైన వాటి గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2014లో ప్రచురించిన ఒక పరిశీలనలో 123 షాంపూల పీహెచ్ కొలిచారు. మామూలు బజారు రకాలకంటే సెలూన్లలో వాడే రకాల్లో ఎక్కువ భాగం తగినంత ఆమ్లగుణంతో ఉన్నాయి. కాబట్టి వాటిలో మంచివి లేవనడం తప్పు. అయితే సీసా మీద "ప్రొఫెషనల్" అన్న మాట ఉన్నంత మాత్రాన అది మీ జుట్టుకు సరిపోతుందని అర్థం కాదు. ధరలో సువాసన, సీసా అందం, ప్రకటనల ఖర్చు కూడా కలిసి ఉంటాయి.

పూత పూసే కండిషనర్

ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి కదా! విరుద్ధ ఆవేశాలు ఆకర్షించుకుంటాయని చదువుకున్నారు. తడిసిన వెంట్రుక మీద, ముఖ్యంగా దెబ్బతిన్న చోట, ఋణావేశం ఉంటుంది. కండిషనర్‌లోని అణువుల తలలకు ధనావేశం ఉంటుంది. అవి పోయి అక్కడ అతుక్కుంటాయి. పొలుసుల మీద పలుచని పూత ఏర్పడి జుట్టు నునుపెక్కుతుంది. డైమెథికోన్ వంటి సిలికోన్లు చేసేది కూడా పూత పనే. తలంటుతో ఈ పూత కొంత కొంత పోతూ ఉంటుంది. కనుక మళ్ళీ రాసుకోవాలి.

కొబ్బరి నూనె సంగతేమిటి? దాని అణువులు చిన్నవి, పొడవుగా సాఫుగా ఉంటాయి. కనుక కొంత వెంట్రుక లోపలికి ఇంకుతుంది. తలంటుకు ముందు రాస్తే వెంట్రుకలోని మాంసకృత్తు నష్టం తగ్గుతుందని 2003లో ప్రచురించిన పరిశోధన చూపింది. మన పెద్దల అలవాటులో అర్థం ఉందన్న మాట.

ఎవరికి ఏది?

ముందుగా మీ తల ఏ రకమో తెలుసుకోండి. తలంటుకున్న మరునాటి సాయంత్రం పలుచని కాగితాన్ని మాడు మీద అద్ది వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. నూనె మరక కనిపిస్తే జిడ్డు తల. లేకపోతే పొడి తల.

సన్నని సాఫు జుట్టు, జిడ్డు తల అయితే తేలికైన షాంపూ చాలు. చూడడానికి గాజులా పారదర్శకంగా ఉండే రకాల్లో సాధారణంగా పూత పదార్థాలు తక్కువ. కొంచెం తరచుగా తలంటుకోవాలి. కండిషనర్ కావాలంటే చివరలకు మాత్రమే రాయాలి.

ఉంగరాల జుట్టు, పొడి జుట్టు అయితే ఘాటు తక్కువైన షాంపూతో, అవసరమైనప్పుడే తలంటుకోవాలి. కండిషనర్ ధారాళంగా వాడవచ్చు. తడిగా ఉన్నప్పుడే పెద్ద పళ్ళ దువ్వెనతో చివరల నుంచి మొదలుపెట్టి చిక్కు తీసుకోవాలి.

రంగు వేసిన జుట్టుకు, ఎండకు పాడైన జుట్టుకు పొలుసులు చెదిరి ఉంటాయి. దానికి పూత పదార్థాలే ముఖ్యం. చిట్లిన కొసను మాత్రం ఏ సీసా అతికించి శాశ్వతంగా బాగుచేయలేదు. కత్తెరే దానికి మందు.

చుండ్రు ఉంటే, తలమీద పెరిగే ఒక రకం ఈస్టుకు అందులో పాత్ర ఉంది. కీటోకొనజోల్ వంటి మందు కలిసిన షాంపూను డాక్టరు చెప్పిన ప్రకారం వాడాలి. సువాసన షాంపూతో అది పోదు.

కొనేముందు సీసా వెనుక చిన్న అక్షరాలు చదవండి. సాధారణంగా ఎక్కువ పాళ్ళలో ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనుక రాస్తారు. మొదటి పేరు నీరే! ముందువైపు పెద్ద బొమ్మ వేసిన పువ్వు పేరు జాబితాలో చిట్టచివర కనిపిస్తే దాని పాలు ఎంతో మీరే ఊహించుకోవచ్చు. చిన్న ప్యాకెట్ దొరికితే ముందు దాన్ని వాడి చూడండి.

ఒక హెచ్చరిక కూడా. జుట్టు ఎప్పటికీ సాఫుగా ఉండాలని సెలూన్లలో మందులు పెడతారు. వాటిలో కొన్ని ఆ గంధకపు బంధాలనే తెంచుతాయి. మరికొన్ని వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువును విడుదల చేస్తాయి. మన ప్రయోగశాలలో కప్పను నిలవ ఉంచే ఫార్మలిన్‌లో ఉండేది అదే. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. కళ్ళు మండే ఘాటు వాసన వస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

సీసా ఏమయింది?

ఇంతకీ ఆ అమ్మాయి సీసా సంగతి. వెనుక చిన్న ఇంగ్లీషు అక్షరాలలో "పొడి, ఉంగరాల జుట్టుకు" అని ఉంది. జాబితాలో సిలికోను, షియా బటర్ పైవరుసల్లోనే ఉన్నాయి. ఆ పిల్లదేమో పట్టులాంటి సన్నని సాఫు జుట్టు, జిడ్డు తల. పూత మీద పూత పడి, దానికి సెబం తోడై జుట్టు సాయంత్రానికి అతుక్కుపోతోంది.

"మీ ఇంట్లో ఉంగరాల జుట్టు ఎవరికైనా ఉందా అమ్మా?" అని అడిగాను.

"అమ్మకు అండీ. ఎప్పుడూ పీచులా ఉంటుందని ముడి వేసేసుకుంటుంది. నాది నాన్న జుట్టు" అంది.

"అయితే ఈ సీసా అమ్మకివ్వు. నీకు రెండు రూపాయల ప్యాకెట్లు రెండు మూడు రకాలు కొని, ఏది సరిపోతుందో పరీక్షించి, నోట్సులో రాసుకో" అన్నాను.

సెలవుల తరువాత బడి తెరిచిన రోజు నోట్సు తెచ్చి చూపించింది. మూడు ప్యాకెట్లు, ఒక్కొక్కటి రెండు వారాలు, కాగితం మీద నూనె మరకలతో సహా. రెండో రకం తనకు కుదిరిందట. అమ్మ ఇప్పుడు జడ వేసుకుంటోందట.

మీరూ అలాంటి పట్టిక ఒకటి తయారు చేయండి. డబ్బు ఖర్చు పెట్టేముందు ప్రశ్న వేయడం, పరీక్షించడం, రాసుకోవడం — విజ్ఞానశాస్త్రం అంటే ఇదే.