కంప్యూటరుకు వడదెబ్బ

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అంటారు. ఆ ఎండలో తిరిగిన మనిషికి వడదెబ్బ ఎందుకు తగులుతుంది? శరీరంలో పుట్టే వేడికి బయటికి పోయే మార్గం చాలనప్పుడు, ఆ వేడి లోపలే నిలిచి అవయవాల పనిని చెడగొడుతుంది. మన ఇళ్ళలోని డెస్క్‌టాప్ కంప్యూటరుకు కూడా సరిగ్గా ఈ సూత్రమే వర్తిస్తుంది. గల్ఫ్ దేశాలలో నివసించే మన కుటుంబాలకు ఇది ఏటా ఎదురయ్యే సమస్య. దీని వెనుక ఉన్న విజ్ఞానాన్ని, మా ఇంట్లో జరిగిన ఒక సంఘటన ఆధారంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఇంటి అనుభవం

2006 వేసవిలో మేము ఖతార్‌లోని అల్ ఖోర్‌లో ఉండేవాళ్ళం. దోహాకు ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, సముద్రతీరాన ఉన్న ఈ పట్టణం పూర్వం చేపల వేటకూ, ముత్యాల సేకరణకూ పేరు పొందింది. సహజవాయు పరిశ్రమలు వెలసిన రాస్ లఫాన్ దీనికి చేరువలోనే ఉన్నందున తరువాతి కాలంలో ఎన్నో ఉద్యోగుల కుటుంబాలకు నివాసస్థానమయింది.

మా కంప్యూటరు 2003లో కొన్నది. పిల్లల చదువు, ఇంటి లెక్కలు, ఊరి నుండి వచ్చిన ఫోటోలు అన్నీ అందులోనే ఉండేవి. వాటన్నిటికంటె విలువైనవి మా నాన్నగారు రాగయుక్తంగా చదివిన భాగవత పద్యాలు. ఆయన కాలం చేసిన తరువాత, పాత క్యాసెట్లలో ఉన్న ఆ గొంతును నేను కంప్యూటరులోకి ఎక్కించుకున్నాను. ఆ పిమ్మట క్యాసెట్లకు బూజు పట్టి, టేపు తెగి, పనికిరాకుండా పోయాయి. అంటే ఆయన గొంతుకు మిగిలిన ఒకే ఒక ప్రతి ఆ హార్డ్ డిస్కులో ఉన్నదన్న మాట.

జూన్ నెలలో కంప్యూటరు హ్యాంగ్ కావడం మొదలయింది. అరగంట సేపు చక్కగా పనిచేసి, ఉన్నట్టుండి తెర మీది బొమ్మ అలాగే నిలిచిపోయేది. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు. ఆపి వెంటనే మళ్ళీ వేస్తే పది నిమిషాలకే అదే తంతు. "ఏమండీ, మావయ్యగారి పద్యాలు ఇందులోనే ఉన్నాయి కదా, సీడీలోకి ఎక్కించారా?" అని మా ఆవిడ అడిగినప్పుడు నా గుండె జారిపోయింది. ఎక్కించలేదు. వెంటనే ప్రయత్నిస్తే, సీడీ సగం రాసేసరికి కంప్యూటరు బిగుసుకుపోయి సీడీ కాస్తా పాడయింది. అలా మూడు సీడీలు పోయాయి. చూసిన మెకానిక్కు, "మదర్‌బోర్డు మార్చాలి, డిస్కును ఫార్మాట్ చేయాలి" అన్నాడు. ఫార్మాట్ చేయడమంటే డిస్కులో ఉన్న సమస్తాన్నీ తుడిచివేయడమే. అందుకు ఒప్పుకోక, ముందు కారణమేమిటో తెలుసుకోవాలని నిశ్చయించుకున్నాను.

వేడి ఎక్కడ పుడుతుంది?

మిక్సీకి ఇచ్చిన విద్యుత్తులో కొంత భాగం పప్పు రుబ్బడానికి ఉపయోగపడుతుంది. కంప్యూటరు విషయం వేరు. అది వాడుకునే విద్యుత్తు దాదాపుగా అంతా చివరకు వేడిగానే మారుతుంది. 200 వాట్లు వాడే కంప్యూటరు, వేడి విషయంలో 200 వాట్ల హీటరుతో సమానం.

ఈ వేడిలో అధిక భాగం ప్రాసెసర్ అనే చిన్న బిళ్ళలో పుడుతుంది. అందులోని కోట్లాది ట్రాన్సిస్టర్లు సెకనుకు వందల కోట్ల సార్లు తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉంటాయి. ప్రతిసారీ కొద్దిపాటి శక్తి వేడిగా మారుతుంది. ఈ వేడి వేగంతో పాటు పెరుగుతుంది. వోల్టేజి వర్గానికి అనులోమంగా కూడా పెరుగుతుంది.

ఇది కొత్త సమస్య కాదు. 1946లో అమెరికాలో ప్రజల ముందుకు వచ్చిన ఎనియాక్ అనే కంప్యూటరులో సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును వాడుకునేది. చల్లబరచడానికి పెద్ద పెద్ద ఫ్యాన్లు అవసరమయ్యేవి. 1989లో వచ్చిన 486 తరగతి ప్రాసెసర్లలో తొలినాటివి ఫ్యాన్ లేకుండానే పనిచేయగలిగేవి. 1993లో వచ్చిన మొదటి పెంటియం సుమారు 15 వాట్ల వేడిని పుట్టించడంతో ఫ్యాన్ తప్పనిసరి అయింది. మా ఇంట్లోని పెంటియం 4 పుట్టించే వేడి సుమారు 70 వాట్లు. ఒక బల్బు వేడి అంతా బొటనవేలి గోరంత బిళ్ళలో పుడితే ఎలా ఉంటుందో ఊహించండి.

వేడి పోయే దారి

ప్రాసెసర్‌లో పుట్టిన వేడి బయటికి పోవాలంటే నాలుగు మజిలీలు దాటాలి. మొదటిది థర్మల్ పేస్టు. రెండవది అల్యూమినియంతోనో రాగితోనో చేసిన, రెక్కలు రెక్కలుగా ఉండే హీట్ సింకు. మూడవది దాని మీది ఫ్యాను విసిరే గాలి. నాలుగవది ఆ వేడిగాలిని పెట్టె వెనుక నుండి గదిలోకి నెట్టే మరొక ఫ్యాను.

రాగితో పోలిస్తే నిలిచి ఉన్న గాలి ఉష్ణవాహకత సుమారు 15 వేల రెట్లు తక్కువ. ప్రాసెసరుకూ హీట్ సింకుకూ మధ్య వెంట్రుకవాసి ఖాళీలో గాలి ఉన్నా అది వేడికి అడ్డుగోడే. ఆ ఖాళీని పూడ్చడమే పేస్టు చేసే పని.

మన తాతల నాటి మండువా లోగిలిని గుర్తు చేసుకోండి. వీధి గుమ్మం నుండి గాలి లోపలికి వచ్చేది, వేడిగాలి మండువా మీదుగా పైకి పోయేది. కంప్యూటరు పెట్టె కూడా ఇటువంటి ఇల్లే. ముందు నుండి చల్లగాలి రావాలి, వెనుక నుండి వేడిగాలి పోవాలి. గుమ్మం మూసినా, మండువా కప్పినా ఇల్లు కొలిమి అవుతుంది.

దీనిని ఒక చిన్న లెక్కతో చూద్దాం. శుభ్రంగా ఉన్న హీట్ సింకు, ప్రతి వాటుకు 0.4 డిగ్రీల చొప్పున ప్రాసెసరును చుట్టూ ఉన్న గాలి కంటె వేడిగా ఉంచుతుందనుకుందాం. 70 వాట్లకు అది 28 డిగ్రీలు. గది 25 డిగ్రీలు, పెట్టె లోపలి గాలి 35 డిగ్రీలు అయితే, ప్రాసెసరు పైభాగం 63 డిగ్రీలు. ఆ తరగతి ప్రాసెసర్లకు నిర్దేశించిన హద్దు సుమారు 70 నుండి 75 డిగ్రీలు కనుక ప్రమాదం లేదు. ఇప్పుడు రెక్కల మధ్య దుమ్ము పేరుకుని ఆ 0.4 కాస్తా 0.7 అయిందనుకుందాం. పెరుగుదల 49 డిగ్రీలకు చేరుతుంది. పెట్టెను చెక్క అరలో పెట్టి తలుపు మూస్తే లోపలి గాలి 50 డిగ్రీలకు చేరడం కష్టం కాదు. మొత్తం 99 డిగ్రీలు! గది ఉష్ణోగ్రత మాత్రం ఆ 25 డిగ్రీలే.

నేను చేసిన పొరపాటు ఇదే. "ఏసీ ఉన్నది కదా" అనుకున్నాను. ఏసీ చల్లబరచినది గదిని. కంప్యూటరు ఉన్నది బల్ల కింది మూసిన అరలో.

ఎడారి దుమ్ము, సముద్రపు తేమ

ఖతార్‌లో వేసవి తీవ్రత చెప్పనలవి కాదు. 2010 జూలైలో దోహాలో 50.4 డిగ్రీలు నమోదయింది. జూన్, జూలై మాసాలలో వాయవ్యం నుండి వీచే శమాల్ గాలి సన్నని దుమ్మును మోసుకువస్తుంది. ఆ దుమ్ముకు కిటికీ సందు కూడా రాజమార్గమే. దానికి సముద్రతీరపు తేమ, గాలిలోని ఉప్పు తోడయితే, రెక్కల మధ్య దుమ్ము పొడిగా ఉండక అట్టలాగా గడ్డకడుతుంది.

వేసవి సెలవులకు ఇంటికి తాళం వేసి, ఏసీ ఆపి, ఇండియా వెళ్ళి వచ్చే కుటుంబాలకు మరొక సూచన. తిరిగి వచ్చిన రోజున గోడలు, సామాను అన్నీ వేడెక్కి ఉంటాయి. గది పూర్తిగా చల్లబడిన తరువాతనే కంప్యూటరును వేయడం మంచిది.

మనలో చాలామంది 1980లు, 90లలో మన ఊళ్ళలోని కంప్యూటరు గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్ళినవాళ్ళమే. అది పూజగది మర్యాద అని అప్పట్లో నవ్వుకున్నాం. దాని ఉద్దేశం దుమ్మును గది బయటనే ఆపడం.

లక్షణాలను బట్టి రోగనిర్ణయం

కంప్యూటరు మొరాయించే తీరులు మూడు.

మొదటిది, క్రమంగా నెమ్మదించడం. ప్రాసెసరు హద్దుకు చేరినప్పుడు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఇది ఆత్మరక్షణ.

రెండవది, ఉన్నట్టుండి ఆరిపోవడం. వేడి మరీ మితిమీరితే ప్రాసెసరు తనకు తానే విద్యుత్తును ఆపివేయిస్తుంది. పవర్ సప్లై లోపం వల్ల కూడా ఇలా జరగవచ్చు.

మూడవది, బొమ్మ నిలిచిపోవడం. ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, తెర మాత్రం కదలదు. ఇక్కడ ప్రాసెసరు ఒక్కదానినే అనుమానించకూడదు. ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్కు, మదర్‌బోర్డు మీద ప్రాసెసరుకు విద్యుత్తును అందించే భాగాలు, వీటిలో ఏది వేడికి తట్టుకోలేకపోయినా ఇలాగే అవుతుంది.

కారణం వేడి అవునో కాదో తేల్చడానికి గడియారం చాలు. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువసేపు, వెంటనే మళ్ళీ వేస్తే తక్కువసేపు పనిచేస్తే వేడిని అనుమానించాలి. వేళతో నిమిత్తం లేకుండా ఆగిపోతుంటే ర్యామ్‌నో సాఫ్ట్‌వేర్‌నో పరీక్షించాలి. డిస్కు నుండి టకటకమనే శబ్దం వస్తుంటే ఆలస్యం చేయకూడదు. ప్రాసెసరు ఉష్ణోగ్రతను చాలా కంప్యూటర్లలో బయోస్ తెర మీదనే చూడవచ్చు.

ముందు గొంతు, తరువాత యంత్రం

ఇల్లు కాలుతున్నప్పుడు ముందు మనుషులను బయటికి తెస్తాం. గోడల సంగతి తరువాత. నేనూ కంప్యూటరును బాగుచేసే పని పక్కన పెట్టి, రికార్డింగులను బయటికి తీయడానికి పూనుకున్నాను. పెట్టెను అరలో నుండి బయటికి తీసి, పక్క రేకు విప్పి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను. తెల్లవారుజామున, గది బాగా చల్లబడి ఉన్నప్పుడు, ఒక్కొక్క విడతకు పదిహేను నిమిషాలు మాత్రమే వేశాను. సీడీ రాయడం మధ్యలో ఆగితే మొత్తం పోతుంది కనుక, ఒక్కొక్క ఫైలునే పెన్ డ్రైవులోకి ఎక్కించాను. మూడు ఉదయాలు పట్టింది. పక్కింటివారి కంప్యూటరులో పెట్టి వింటే నాన్నగారి గొంతు స్పష్టంగా వినిపించింది. ఆ రోజే మరో ప్రతిని విజయవాడలోని మా తమ్ముడికి పంపాను. పని తెలిసినవారు దగ్గర ఉంటే, హార్డ్ డిస్కును విప్పి వేరే కంప్యూటరుకు తగిలించి తీసుకోవడం ఇంకా క్షేమం.

ఆ తరువాతనే శుభ్రం చేశాను. హీట్ సింకు రెక్కల మధ్య నుండి వచ్చిన దుమ్ము చాపముక్కలాగా ఉన్నది. ఎండిపోయిన పేస్టును తుడిచి, కొత్త పేస్టు కందిగింజంత పెట్టాను. హ్యాంగ్ కావడం బాగా తగ్గింది కాని, పూర్తిగా పోలేదు. టార్చి వేసి చూస్తే ప్రాసెసరు పక్కన ఉన్న కొన్ని కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. ఇవి విద్యుత్తును నిలకడగా అందించే చిన్న చిన్న గొట్టాల వంటి భాగాలు. 1999 నుండి 2007 వరకు తయారైన అనేక మదర్‌బోర్డులలో నాసిరకం కెపాసిటర్లు ఉండడం ప్రపంచమంతటా తెలిసిన సంగతే. దానికి వేడి కూడా తోడయింది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇటువంటి కెపాసిటరు ఆయుర్దాయం సుమారు సగానికి తగ్గుతుందని ఇంజినీర్ల లెక్క. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు పనిచేసేది, 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు, 85 డిగ్రీల వద్ద 8,000 గంటలు పనిచేస్తుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున మొదటిది పదేళ్ళకు పైమాట. రెండవది మూడేళ్ళ లోపే. మా కంప్యూటరు వయసు సరిగ్గా మూడేళ్ళు!

చివరకు మదర్‌బోర్డు మార్చవలసే వచ్చింది. మెకానిక్కు చెప్పినది ఆ మేరకు నిజమే. కాని అతని మాట మొదటిరోజే విని ఉంటే డిస్కు తుడిచిపెట్టుకుపోయేది. కొత్త బోర్డు కూడా అదే మూసిన అరలో, అదే వేడిలో మరో మూడేళ్ళకు పోయేది.

పాటించవలసిన జాగ్రత్తలు

1. విలువైన ఫోటోలు, రికార్డింగులు ఎప్పుడూ కనీసం రెండు ప్రతులుగా ఉంచండి. ఒకటి వేరే ఇంట్లో ఉండాలి.

2. కంప్యూటరును మూసిన అరలో పెట్టకండి. వెనుక జానెడు ఖాళీ వదలండి. నేల మీద, తివాచీ మీద పెట్టకండి.

3. ఎండాకాలానికి ముందొకసారి, తరువాతొకసారి దుమ్ము దులపండి. ప్లగ్గు తీసి, ఆరుబయట, డబ్బాలో వచ్చే గాలితో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

4. లోపలి భాగాలను ముట్టుకునే ముందు పెట్టె లోహపు భాగాన్ని తాకండి. మన ఒంట్లోని స్థిర విద్యుత్తు సున్నితమైన భాగాలను చెడగొట్టగలదు.

5. పవర్ సప్లై డబ్బాను ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

6. పక్క రేకు తీసి ఉంచడం ప్రథమ చికిత్స మాత్రమే. అలాగే వదిలేస్తే గాలి నడక చెడి, దుమ్ము మరింత చేరుతుంది.

ఈ బాధ ఇళ్ళకే పరిమితం కాదు. 2022 జూలై 19న బ్రిటన్‌లో తొలిసారిగా ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు, లండన్‌లో గూగుల్, ఒరాకిల్ సంస్థల డేటా కేంద్రాలలో శీతలీకరణ యంత్రాలు విఫలమై సేవలు నిలిచిపోయాయి. యంత్రం చిన్నదైనా పెద్దదైనా వేడికి దారి చూపవలసినదే.

కనుక ఈ వ్యాసం చదివిన వెంటనే పాఠకులు ఒక్క పని చేయాలని నా ప్రార్థన. మీ ఇంటి కంప్యూటరు వెనుక చెయ్యి పెట్టి చూడండి. వేడిగాలి చేతికి ధారాళంగా తగులుతుంటే సంతోషం. తగలకపోతే, యంత్రం సంగతి రేపు చూడవచ్చు. అందులో ఉన్న మీ వాళ్ళ గొంతులను, బొమ్మలను మాత్రం ఈ రోజే మరొక చోటికి చేర్చండి.