అల్జీమర్స్: మందులు, హైదరాబాద్ అధ్యయనం

డిమెన్షియా ఒక్క జబ్బు పేరు కాదు. జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించి రోజువారీ పనులకు ఆటంకమయ్యే లక్షణాల సముదాయం. దానికి ప్రధాన కారణం అల్జీమర్స్. పరీక్షల అభ్యర్థులు తరచూ తడబడేది ఈ తేడా దగ్గరే.

జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో ఈ వ్యాధిని తొలిసారి వివరించారు. మెదడులో నాడీకణాల వెలుపల అమిలాయిడ్ బీటా ఫలకాలు, లోపల టౌ ప్రోటీన్ చిక్కుముడులు పేరుకుంటాయి. లెకనెమాబ్ (అమెరికా ఎఫ్‌డీఏ పూర్తి అనుమతి 2023), డోనానెమాబ్ (2024) అమిలాయిడ్‌ను తొలగించే యాంటీబాడీలు. ఇవి తొలిదశ రోగులకే. 18 నెలల ప్రయోగంలో లెకనెమాబ్ క్షీణత వేగాన్ని సుమారు 27 శాతం తగ్గించింది. వ్యాధిని నయం చేయలేదు. మెదడులో వాపు, రక్తస్రావం ముప్పూ ఉంది.

మనవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సింది హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి అధ్యయనం. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించడం గొప్ప విశేషం.

లాన్సెట్ కమిషన్ (2024) వినికిడి లోపం, మధుమేహం, సామాజిక ఒంటరితనం సహా 14 డిమెన్షియా ముప్పు కారకాలను గుర్తించింది. వాటిని సరిదిద్దితే దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చు. ప్రపంచ అల్జీమర్స్ దినం: సెప్టెంబర్ 21.