దిగులు విశ్వాస లోపం కాదు
బడి పిల్లల మనసు గురించి ఒక పాఠం

జ్వరం వచ్చిన పిల్లవాడిని చూసి "నమాజు సరిగా చేయడం లేదు, అందుకే వచ్చింది" అని మనం అనము. నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాము. ఆసుపత్రికి తీసుకుపోతాము. దుఆ కూడా చేస్తాము. అదే పిల్లవాడు "నాకేమీ బాగలేదు, చదువు మీదికి మనసు పోవడం లేదు" అన్నాడనుకోండి, మన నోట వచ్చే మొదటి మాట వేరుగా ఉంటుంది. "నమాజు చేస్తున్నావా లేదా? సెల్‌ఫోను ఎక్కువైంది నీకు!" ఈ మాట మేము కూడా అన్నాము. కాబట్టి ఈ పాఠాన్ని మా తప్పుతోనే మొదలు పెడుతున్నాము.

లేపాక్షిలో బడి పిల్లల కోసం మేము ఆదివారం పూట ధర్మబోధ తరగతి నడుపుతాము. ఎనిమిదో తరగతి మొదలుకొని ఇంటర్మీడియట్ దాకా చదివే పిల్లలు వస్తారు. రెండేళ్ల కిందట పదో తరగతి చదివే ఒక అబ్బాయి ముందు వరుసలో నుంచి వెనక వరుసలోకి మారాడు. ప్రశ్న అడిగితే జవాబు లేదు. మొహం వాడిపోయి ఉండేది. అందరి ముందూ నిలబెట్టి "విశ్వాసి అయినవాడు ఇట్లా దిగులు పడడు నాయనా, నఫిల్ నమాజులు ఎక్కువ చెయ్యి" అని హితవు చెప్పాము. "అట్లే సార్" అన్నాడు. తర్వాత మూడు వారాలు రాలేదు. నాలుగో వారం వాళ్ల జేజి వచ్చింది. "రాత్రంతా కండ్లు తెరుచుకోనే ఉంటాడు సార్. నెల దినాలాయె. కూడు సరిగ్గా తినడు. వాళ్ల నాయన బోరు ఎండిపోయి బెంగుళూరుకు పనికి పోయినాడు. అప్పులోళ్లు ఇంటికొస్తే వీడే జవాబు చెప్పల్ల" అన్నది.

అనంతపురం మెట్ట నేలల్లో ఇది కొత్త కథ కాదు. వాన మోసం చేస్తే వేరుశనగ పోతుంది. బోరు ఎండితే మల్బరీ తోట పోతుంది. ఇంటి పెద్ద బెంగుళూరు బస్సెక్కుతాడు. ఆ ఇంట్లో మిగిలిన పదిహేనేళ్ల పిల్లవాడి భుజాల మీద ఏమి పడుతుందో మేము అడగలేదు. అడగకుండానే తీర్పు చెప్పేశాము.

ఇక మేము చెప్పిన హితవు సంగతి చూద్దాము. విశ్వాసి దిగులు పడడా? దివ్య ఖుర్ఆన్‌లో యూసుఫ్ సూరా చదివినవారికి హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) ఎవరో తెలుసు. ఆయన దైవప్రవక్త. కొడుకు కోసం దుఃఖించి దుఃఖించి ఆయన కళ్లు తెల్లబడిపోయాయి. ఆయన విశ్వాసంలో లోపముందని ఎవరనగలరు? హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం) ప్రసవ వేదనలో, ఒంటరితనంలో, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని అనుకున్నారు. ఆమెకు అందిన జవాబును శ్రద్ధగా గమనించండి. మందలింపు కాదు. దుఃఖించవద్దన్న ఓదార్పు, కాళ్ల కింద నీటి ఊట, తల మీద ఖర్జూరపు పండ్లు. తినమని, తాగమని చెప్పడం జరిగింది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) జీవితంలో హజ్రత్ ఖదీజా (రజి) గారు, తండ్రి సోదరుడు అబూ తాలిబ్ మరణించిన ఏడాదిని చరిత్రకారులు దుఃఖ సంవత్సరమనే పిలిచారు. ఆ పేరు పెట్టడానికి వాళ్లు సంకోచించలేదు. మనమే పిల్లల ముందు సంకోచిస్తున్నాము.

మన పూర్వ పండితులు ఈ విషయాన్ని ఇంకా లోతుగా చూశారు. ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లో ఉన్న బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం క్రీ.శ. 934) శరీరాలకూ మనసులకూ మేలు చేసే విషయాల మీద 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్' అనే గ్రంథం రాశారు. శరీరానికి జబ్బు చేసినట్లే మనసుకూ చేస్తుందని, దాన్ని వైద్యులు పట్టించుకోకపోవడం లోపమని ఆయన అభిప్రాయం. కోపం, దిగులు, భయం, వదలకుండా వేధించే ఆలోచనలు, ఈ నాలుగింటినీ ఆయన వేరువేరుగా చర్చించారు. దిగులును మళ్లీ రెండుగా విడదీశారు. ఒకటి కారణం తెలిసినది: ఆప్తుల మరణం, ఆస్తి నష్టం వంటివి. రెండవది పైకి ఏ కారణమూ కనిపించనిది. దాని మూలం శరీరంలోనే ఉంటుందని, దానికి మందులతో చికిత్స కావాలని చెప్పారు. వెయ్యేళ్ల కిందటి మాట ఇది! "అన్నీ ఉన్నాయి కదా, నీకేం తక్కువ?" అని పిల్లలను నిలదీసే తల్లిదండ్రులు ఈ రెండవ రకాన్ని గుర్తు పెట్టుకోవాలి.

ఆయన చెప్పిన మరొక సంగతి బడులకు నేరుగా పనికి వస్తుంది. ఇంట్లో మందులు ముందే దాచి ఉంచుకున్నట్లు, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే కష్టకాలానికి కావలసిన ఆలోచనలను సిద్ధం చేసుకోవాలన్నారు. అంటే పాఠం తుఫాను రాక ముందే చెప్పాలి. నేటి పరిశోధనలను చూస్తే మానసిక రుగ్మతల్లో సుమారు మూడోవంతు 14 ఏళ్ల లోపే, దాదాపు సగం 18 ఏళ్ల లోపే మొదలవుతున్నాయి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక రుగ్మత కనిపించింది. నలభై మంది ఉన్న తరగతి గదిలో ముగ్గురన్న మాట.

అయితే పాఠం చెబితే చాలునా? ఇక్కడ ఆగి ఆలోచించాలి. బ్రిటన్‌లో ఎనిమిది వేలకు పైగా బడి పిల్లలతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. మనసును నిలకడగా ఉంచుకునే సాధన నేర్పే పాఠాలను ఉపాధ్యాయుల చేత చెప్పించారు. 2022లో వచ్చిన ఫలితం ఏమిటంటే, మామూలు బోధన కంటే అదనపు ప్రయోజనం ఏదీ కనిపించలేదు. మన దేశంలో బీహార్‌లోని నలంద జిల్లా ప్రభుత్వ పాఠశాలల్లో ఇంకో ప్రయోగం జరిగింది. దాని ఫలితాలు 2018లో వెలువడ్డాయి. కొన్ని బడుల్లో కార్యక్రమాన్ని ఉపాధ్యాయులకు అప్పగించారు. మరికొన్ని బడుల్లో ఇదే పని కోసం శిక్షణ పొందిన స్థానికులను నియమించారు. వాళ్లు మనోవైద్యులు కారు. గోడ పత్రిక పెట్టారు. పిల్లలు తమ బాధ రాసి వేయడానికి పెట్టె పెట్టారు. ఏడిపించడం, కొట్టడం మీద బడిలో కట్టుబాట్లు చేశారు. విడిగా కూర్చుని పిల్లల మాట విన్నారు. ఈ ప్రత్యేక వ్యక్తి ఉన్న బడుల్లో దిగులు, కొట్లాటలు, వేధింపులు తగ్గాయి. బడి వాతావరణమే మెరుగైంది. ఉపాధ్యాయులకే అప్పగించిన బడుల్లో అంత మార్పు లేదు.

ఉపాధ్యాయులను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్లకు సిలబస్, ఓట్ల పని, జనాభా లెక్కలు, అన్నీ ఉన్నాయి. పైగా మార్కులు వేసే చేతికి మనసు విప్పి చూపడం పిల్లలకు కష్టం. మా తరగతిలో జరిగింది కూడా అదే కదా! కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం బడికి ఇద్దరు ఉపాధ్యాయులు శిక్షణ పొంది, భావోద్వేగాలు, మానసిక ఆరోగ్యంతో సహా 11 అంశాలు బోధించాలి. మంచిదే. పాఠంతో పాటు వినే మనిషి కూడా ఉంటేనే అది పిల్లవాడికి చేరుతుంది.

ఇక మేము చేస్తున్నది చెబుతాము. ముందుగా మాటలు నేర్పాము. మా పిల్లలను ఎట్లా ఉన్నావని అడిగితే అన్నింటికీ ఒకటే జవాబు, "టెన్షన్ సార్!" తెలుగులో దిగులు, బెంగ, గుబులు, చిరాకు, ఉక్రోషం, సిగ్గు, ఒంటరితనం అని ఇన్ని మాటలుండగా అన్నింటినీ ఒకే సంచిలో వేసి కట్టేశారు. పలక మీద ఈ మాటలు రాసి, ఏది ఎప్పుడు కలుగుతుందో చెప్పించాము. తర్వాత ఒక పాత నూనె డబ్బాకు చీలిక కోసి, పేరు లేకుండా చీటీలు వేయమన్నాము. పేరు రాస్తే విడిగా మాట్లాడతామని చెప్పాము. మొదటి ఆదివారం పడినవి: "మార్కులు అందరి ముందర చదువుతారు." "ఎంపీసీ నాకు వద్దు, అబ్బాకు చెప్పలేను." "హాస్టల్లో రాత్రి పూట ఏడుపొస్తుంది." ఒక అమ్మాయి పేరు రాసి మరీ వేసింది: "పరీక్షలయ్యాక నిఖా చేస్తామంటున్నారు. నాకు పదహారేళ్లు." ఇటువంటి దానికి ఓదార్పు చాలదు. మా సోదరీమణులు ఇద్దరు ఆ ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో కూర్చున్నారు. 1098 అనే నంబరు ఉన్నదని కూడా మర్యాదగానే తెలియజేశారు. అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

మరొక చీటీ మక్తబుల్లో బోధించే ఉస్తాదులు వినవలసినది. ఒక అబ్బాయి వుజూ మళ్లీ మళ్లీ చేస్తున్నాడు. చేతులు పగిలిపోయినా అయిందో లేదోనన్న అనుమానం వదలడం లేదు. ఇంట్లో వాళ్లు మొదట భక్తి అని మురిసిపోయారు, ఆ పైన షైతాన్ వస్వసా అని కోప్పడ్డారు. అల్ బల్ఖీ నాలుగోదిగా చెప్పిన, వదలకుండా వేధించే ఆలోచనలు ఇవే. నేడు దీనికి మంచి చికిత్స ఉంది. కోప్పడితే అపరాధ భావం పెరుగుతుంది, దానితో పాటు కడుక్కోవడమూ పెరుగుతుంది.

ఏ దిగులుకు డాక్టరు కావాలి? పరీక్ష ముందు భయం, స్నేహితుడితో గొడవైతే బాధ, ఇవి వస్తాయి, పోతాయి. వీటిని జబ్బు అనకండి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్ర, తిండి మారిపోతే, ఇష్టమైన ఆట కూడా ఇష్టం లేకపోతే, ఏ కారణమూ దొరకని తలనొప్పి, కడుపునొప్పి తిరగబెడుతుంటే ఆలస్యం చేయకూడదు. చేతులు కోసుకున్న గుర్తులున్నా, "నేను లేకపోతే మీకు బాధ ఉండదు" వంటి మాట వచ్చినా ఆ రోజే కదలాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని మెల్లగా, నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. ఒంటరిగా వదలకండి. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టకండి. ఆత్మహత్య నిషిద్ధమని మనందరికీ తెలుసు. కాని బావిలో పడ్డవాడికి ముందు తాడు వేస్తాము, బావి గట్టున ఆడకూడదని తర్వాత చెప్పుకుంటాము. పోలీసు కేసవుతుందని దాచేవాళ్లు కొందరున్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం అటువంటి వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించి, శిక్ష కాక చికిత్స అందించమంటోంది.

14416 అనే టెలి మానస్ నంబరు 2022 అక్టోబరు నుంచి ఉంది. రాత్రీ పగలూ, తెలుగులో కూడా, డబ్బు లేకుండా మాట్లాడవచ్చు. అనంతపురం జిల్లాకు పొరుగునే ఉన్న బళ్లారిలో 1985లో బెంగుళూరు నిమ్హాన్స్ వారు మొదలుపెట్టిన ప్రయోగమే, మానసిక వైద్యాన్ని జిల్లా స్థాయికి తెచ్చే జాతీయ కార్యక్రమానికి నమూనా అయింది. దాని ఉద్దేశమే మన వంటి ఊళ్లవాళ్లు పెద్ద నగరానికి పరుగెత్తే పని లేకుండా చేయడం.

తల్లిదండ్రులు బడిని, కాలేజీని అడగవలసినవి కూడా ఉన్నాయి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత కలిగిన కౌన్సెలరు ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడదీయరాదు. నలుగురిలో అవమానించరాదు. సహాయ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో కనిపించేలా పెట్టాలి. అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు ఎంతని అడుగుతాము. కౌన్సెలరు ఎక్కడ కూర్చుంటారని కూడా అడగండి.

మా అబ్బాయి విషయానికి వస్తే, జేజి వెళ్లిన సాయంత్రమే ఇంటికి పోయాము. అందరి ముందు అన్న మాటకు క్షమాపణ అడిగాము. వాడు చాలాసేపు మాట్లాడలేదు. మేమూ మాట్లాడకుండా కూర్చున్నాము. చివరకు "నిద్ర పట్టదు సార్, ప్రాణం విసుగొస్తోంది" అన్నాడు. ఆ రాత్రి వాడిని ఒంటరిగా వదలలేదు. మరునాడు వాళ్లమ్మతో కలిసి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాము. కొన్ని నెలలు మందులు వాడాడు. అప్పులవాళ్లతో మాట్లాడే పని వాళ్ల మేనమామ తీసుకున్నాడు. రంజాన్‌కు ముందు వాడు తరగతికి తిరిగి వచ్చాడు. నూనె డబ్బాకు చీలిక కోసి, గోడకు మేకు కొట్టి తగిలించింది వాడే.