మడచెట్టు – తీరమునకు కంచె

ఆంధ్రదేశమునుండి మారిషస్‌కు వచ్చిన పూర్వులు వృక్షములను దైవముగా భావించి కొలిచిరి. అమ్మోరు పండుగకు వేపాకు, శుభకార్యమునకు మామిడి తోరణము నేటికిని తప్పవు. కాని పూజను, తోరణమును ఎరుగని చెట్టొకటి ఈ ద్వీపతీరమున ఉప్పుబురదలో నిలిచియున్నది. అదియే మడచెట్టు.

ఈ చెట్టునకును తెలుగువారికిని సంబంధము పాతది. 1834 తరువాత ఒప్పంద కూలీలుగా వచ్చిన తెలుగువారిలో పలువురు కాకినాడ సమీపమందలి కోరంగి రేవున ఓడలెక్కిరి. అందుచేతనే వారిని ఇచ్చట ‘కోరంగీలు’ అని పిలిచిరి. గోదావరి సముద్రమున కలియు ఆ చోట విస్తారమైన మడ అడవి కలదు. 1978లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. స్వదేశమును విడిచినవారు కడపట చూచిన పచ్చదనము బహుశః అదియే.

చెట్టు స్వభావము

సాధారణ వృక్షము ఉప్పునీట బ్రతుకజాలదు. మడచెట్టు వేళ్ళు ఉప్పును చాలవరకు వడకట్టి నీటిని గ్రహించును. బురదలో గాలి చాలదు గనుక, వేళ్ళు నీటిపైకి లేచి గాలిని పీల్చుచుండును. మారిషస్‌లో రైజోఫోరా, బ్రుగియేరా అను రెండు జాతులు కలవు. వీటి గింజ తల్లిచెట్టుమీదనే మొలకెత్తి, మునగకాయవలె వ్రేలాడి, పిదప రాలును. కొన్ని మొలకలు అచ్చటనే నాటుకొనును. కొన్ని అలలపై తేలిపోయి వేరొక తీరమున వేరూనును.

చేయు మేలు

1. చేపపిల్లలు, రొయ్యలు, పీతలు ఈ వేళ్ళ నడుమ దాగి పెరుగును. మడ నశించినచో జాలరి వల ఖాళీయగును.

2. తుఫాను వేళ అలల వేగమును తగ్గించి, తీరము కోసుకొనిపోకుండ కాపాడును.

3. ఏరులు తెచ్చు ఒండ్రును ఆపి, పగడపు దిబ్బలపై అది పేరుకొనకుండ చేయును.

4. గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, అందలి కర్బనమును బురదలో చిరకాలము నిలువచేయును.

కలిగిన హాని

వంటచెరకు కొరకు, పడవల దారి కొరకు, తీరమున కట్టడముల కొరకు జనులు మడను నరికిరి. 1995 నుండి ప్రభుత్వము తిరిగి నాటింపసాగెను. ఇంతలో 2020 జూలై 25న వకాషియో అను ఓడ ఆగ్నేయ తీరమున పగడపు దిబ్బకు తగులుకొనెను. ఆగస్టు 6న చమురు కారనారంభించి, సుమారు 1,000 టన్నులు సముద్రము పాలయ్యెను. వేలాది ప్రజలు చెరకు ఎండుటాకులను గుడ్డలలో కూరి, తెట్టులు కుట్టి, చమురును అడ్డగించిరి. పూర్వులు చెమటోడ్చిన చెరకు ఆనాడు సముద్రమునకు కాపుగా నిలిచినది. అయినను చమురు మడలను చేరకపోలేదు. ఊపిరి పీల్చు వేళ్ళకు చమురు పట్టినచో చెట్టునకు ఊపిరాడదు. బురదలో దిగి కడుగబోయిన, కాళ్ళక్రింద లేతమొలకలు నలిగిపోవును. కావున చెడిన పిదప బాగుచేయుటకంటె ముందే కాపాడుట మేలు.

కర్తవ్యము

అనుమతి లేక మడను నరుకుట మారిషస్‌లో నేరము. అయినను చట్టమొక్కటియే చాలదు. వేపను కొలుచు చేతులు మడను నరుకుట ధర్మము కాదు. ఒక మొలకను బురదలో నిలిపిన బాలుడు ఒక తీరమునకు కంచె నాటినవాడగును.

ప్రశ్నలు

1. మడచెట్టు వేళ్ళు నీటిపైకి ఏల లేచును?

2. తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు ఎట్లు వచ్చెను?

3. మడ నశించినచో మొదట నష్టపోవువారెవరు?