చెరువు కట్ట మీది తుమ్మ మొద్దు – దాన్ని పెకలించే యంత్రాలు



ఓరుగల్లు చెరువుల గడ్డ. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నుండి పొలాలకు నీరిస్తున్నాయి. 2015 మార్చి 12న ప్రారంభమైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలను గుర్తించి, దశలవారీగా బాగు చేయడానికి పూనుకున్నారు. పూడిక తీయడంతో పాటు కట్ట మీది సర్కారు తుమ్మను తొలగించడం కూడా అందులో ఒక పని. చెట్టు నరకడం ఒక ఎత్తు, మొద్దును వేళ్ళతో తీయడం మరో ఎత్తు.

మొద్దు ఎందుకు తీయాలి?

సర్కారు తుమ్మ అమెరికా ఖండం నుండి 19వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. నరికితే చావదు. కాండం, వేరు కలిసే చోటి మొగ్గల నుండి మళ్ళీ గుబురుగా లేస్తుంది. కట్ట లోపలికి పోయిన వేళ్ళు ఎప్పుడో చచ్చి కుళ్ళితే సొరంగం వంటి దారి మిగులుతుంది. చెరువు నిండినప్పుడు నీరు ఆ దారి వెంట ఊరుతూ మట్టిని కోసుకుపోతుంది. దీనినే ఇంజనీర్లు 'పైపింగ్' అంటారు. కట్టలు తెగడానికి ఇదొక కారణం.

యంత్రానికి అంత బలం ఎక్కడిది?

మనం పొక్లెయిన్ అనే మాట ఒక ఫ్రాన్స్ కంపెనీ పేరు. జేసీబీ ఇంగ్లండు కంపెనీ పేరు. రెండింటిలో పనిచేసేది మనం బడిలో చదివిన పాస్కల్ సూత్రమే. ఉదాహరణకు 10 సెంటీమీటర్ల వ్యాసమున్న సిలిండర్ వైశాల్యం సుమారు 78.5 చదరపు సెంటీమీటర్లు. నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 200 కిలోలైతే మొత్తం తోపు 15,700 కిలోలు!

తగిలించే పనిముట్లు

1. పళ్ళ బకెట్: చిన్న మొద్దులకు చాలు. చుట్టూ మట్టి తీసి కింది నుండి ఎత్తుతుంది.

2. రిప్పర్: ఒకే పెద్ద కొక్కెం. పక్క వేళ్ళను తెంపుతుంది.

3. స్టంప్ స్ప్లిట్టర్: మొద్దును చీల్చి ముక్కలుగా తీస్తుంది. అందువల్ల గుంట చిన్నదవుతుంది.

4. రేక్: దువ్వెన వంటిది. వేళ్ళు చిక్కుతాయి, మట్టి సందుల్లోంచి జారిపోతుంది.

5. గ్రాపుల్: పిడికిలిలా పట్టి లారీకెత్తుతుంది.

6. స్టంప్ గ్రైండర్: మొద్దును పొట్టు చేస్తుంది. కాని లోతు వేళ్ళు మట్టిలోనే ఉండిపోతాయి. ఇంటి ముంగిట పనికొస్తుంది గాని, చెరువు కట్టకు ఇది సరిపోదు.

ఒక కిటుకు: చెట్టును నేలమట్టంగా నరకకుండా మీటరు ఎత్తు మొండెం వదిలితే, గడ్డపారతో రాయి లేపినట్టు ఆ మొండెం పట్టి తోసి వేళ్ళను లేపవచ్చు.

తీశాక ఏం చేయాలి?

గుంటను అలాగే వదలరాదు. మిగిలిన వేళ్ళు ఏరి, తగిన బంకమట్టిని తడిపి, పొరలు పొరలుగా పోసి దిమ్మిస చేయాలి. వదులుగా పోస్తే వేరు చేసే చేటు మనమే చేసినట్టు. చెరువు నిండుగా ఉన్నప్పుడు పెద్ద మొద్దు జోలికి పోకుండా నీటిపారుదల ఇంజనీరును అడగాలి.

ముఖ్యంగా తమ్ముళ్ళూ, సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు వంటచెరకు కోసం పనిచేసే యంత్రం దగ్గరికి పోకండి. వెనుక భాగం గిర్రున తిరుగుతుంది. లాగిన వేరు ఒక్కసారి తెగి ఎగురుతుంది. డ్రైవరుకు మీరు కనిపించరు. యంత్రం ఆగాక, ఆయన చేయి ఊపాకే కదలండి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. మా నాయన గొడ్డలి, గడ్డపారతో ఒక పెద్ద మొద్దు తీయడానికి పొద్దంతా పట్టేది. యంత్రం వచ్చాక ఆ కూలి పోయింది, నడుము నొప్పి మాత్రం ఉండిపోయింది. యంత్రాన్ని తిట్టి లాభం లేదు. దాన్ని నడిపేవాడు, బాగుచేసేవాడు, పనికి కొలతలు తీసి బిల్లు రాసేవాడు మన ఇళ్ళ నుండి రావాలి. ఐటీఐలో డీజిల్ మెకానిక్, పాలిటెక్నిక్‌లో మెకానికల్, సివిల్ చదువులు అందుకు దారులు. పదో తరగతి ఫిజిక్స్ పుస్తకాన్ని పరీక్ష కోసమే కాక ఈ దృష్టితో కూడా చదవండి. మొద్దు తీసే పనిలో తరతరాలుగా వంగిన మన వాళ్ళ నడుములు ఇక నిటారుగా నిలవాలని కోరుకుంటూ సెలవు.